చౌడయ్య వంతు గుడ్డ

పెడనలో మా నేత సంఘం నడిపిన బళ్ళో భావనారాయణ మేష్టారు లెక్కలతోపాటు ఇంకో పాఠం చెప్పేవారు. ఒక సంఘం తాను దేనికోసం పుట్టిందో లోకానికి ఎలా చెప్పుకుంటుందన్నది ఆ పాఠం. ‘సభ్యుల మానం సంఘం కాపాడుతుంది’ అని గోడమీద పెద్దక్షరాలతో ఉండేది. గోడ అబద్ధాన్నీ అంతే అందంగా మోస్తుందని, మమ్మల్ని ఆఫీసులో భోషాణం దగ్గరికి తీసుకెళ్ళేవారు. అందులో ఎప్పుడూ ఒక కొత్త గుడ్డ ఉండేది. ఏ సభ్యుడు పోయినా శవంమీద దాన్ని కప్పాలి. వంతు వచ్చినవాడు కూలి లేకుండా ఇంకోటి నేసి పెట్టాలి. మేష్టారూ సంఘంలో సభ్యులే. పెళ్ళాం పిల్లలు లేని మనిషి, ఆ పాఠమే ఆయన ఆస్తి.

యుద్ధం చివర్లో నూలుకు కటకట వచ్చి మగ్గాలు మూలపడ్డాయి. అప్పుడే సభ్యుల్లో ఒకడైన నేతగాడు చౌడయ్య పోయాడు. పాఠం కళ్ళారా చూపిద్దామని మేష్టారు మా ముందే భోషాణం తెరిపించారు. అది ఖాళీ. గుడ్డను అధ్యక్షుడు సాంబమూర్తి గారు బ్లాకులో అమ్మేశారని ఊరంతటికీ తెలుసు. పెద్దమనుషులంతా భోషాణం మూయించి పాడె దగ్గరికి నడిచారు. చౌడయ్య చిరుగుల పంచెతోనే వెళ్ళిపోయాడు. మర్నాడు మేష్టారు సుద్దముక్క పట్టుకుని, ఏమీ రాయలేక కూర్చున్నారు. ఆయన్నలా చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నం బడి పక్కనున్న చౌడయ్య ఇంట్లో మగ్గం చప్పుడైంది. అందరం పరుగెత్తాం. అతని భార్య మాణిక్యమ్మ వీధి గడపలో బిగుసుకుని కూర్చుంది.

“లోపల ఎవరూ లేరండీ మేష్టారూ. ఇంట్లో నూలుపోగు కూడా లేదండీ,” అంది.

మేం వెళ్ళేసరికి చప్పుడు ఆగింది. మగ్గం మీద జానెడు తెల్లగుడ్డ ఉంది. ఎడమ అంచు కాస్త లోపలికి గుంజుకుని ఉంది. చౌడయ్యకు ఎడమచేతి చిటికెనవేలు లేదు; అతను ఏది నేసినా ఆ అంచు అలాగే వచ్చేది. భోషాణానికి నేయాల్సిన వంతు చౌడయ్యదేనని మేష్టారు మెల్లిగా అన్నారు.

రోజూ ఎండ నడినెత్తికి రాగానే చప్పుడు మొదలయ్యేది, గుడ్డ కాస్త పెరిగేది. అది పూర్తయ్యాక మేష్టారే కోసి, మడతపెట్టి భోషాణంలో పెట్టారు. ఆ వారంలోనే సాంబమూర్తి గారు మంచం పట్టి పోయారు.

ఆ గుడ్డ ఆయనకు కప్పడానికి వీల్లేదని ఊరు అడ్డుపడింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్నారు. నేనూ గట్టిగానే అన్నాను, ఇప్పటికీ నాకది తప్పనిపించదు. ఏం చేయమంటావని మేష్టారు మాణిక్యమ్మను అడిగారు.

“మా ఆయన నేసింది సభ్యుడికండీ. మంచి సభ్యుడికని సంఘం ఎప్పుడూ అనలేదు గదండీ. కప్పండి,” అంది.

మేష్టారే స్వయంగా కప్పారు. మర్నాడు బళ్ళో ఆయనకు గొంతు తిరిగొచ్చింది. సంఘం ఏం చెప్పిందో నిన్న చూశారు కదా అంటూ బోర్డు దగ్గర నిలబడ్డారు. వంతు తీరింది, చౌడయ్య ఇక నిద్రపోతాడని మేం అనుకున్నాం.

ఎండ నడినెత్తికి వచ్చింది. పక్కింట్లో మగ్గం మళ్ళీ మొదలైంది.

మేష్టారి చేతిలో సుద్దముక్క క్షణం ఆగింది. భోషాణం ఖాళీగా ఉందన్న సంగతి అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. ఆయన మావైపు తిరిగి చిన్నగా నవ్వి, పాఠం సాగించారు. సభ్యుల్లో వయసులో అందరికన్నా పెద్దవారు ఇప్పుడు ఆయనే.