తిన్న పళ్ళెం ఎవరెత్తాలి

ఆఫ్రికాలో పనిచేసి వచ్చానని తెలిస్తే చాలు, నందికొట్కూరులో అందరూ నన్ను సింహాల గురించే అడుగుతారు. ఉన్నన్నాళ్ళలో నేను ఒక్క సింహాన్నీ చూడలేదు. చూసిందల్లా ఎండిన వాగులు, పసుపురంగు డబ్బాలు నెత్తిన పెట్టుకుని నీళ్ళకు పోయే ఆడవాళ్ళు, తూకానికి వేలాడదీస్తే ఏడ్చే ఓపిక కూడా లేని పసిపిల్లలు. ఈ మాట చెబితే అడిగినవాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. ఇవన్నీ మన దగ్గరా ఉన్నాయి కదా, దీనికోసం అంత దూరం పోవాలా అన్నట్టు చూస్తారు. నిజమే, ఉన్నాయి. నేను పుట్టిన పేటలో ఈనాటికీ కొళాయికి నీళ్ళు వచ్చిన రోజు పండగే.

నేను నర్సును. పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్త పోయాడు. పిల్లలు లేరు. ఒక ఆదివారం గుడిలో పూజ అయ్యాక మా విచారణ గురువుగారు, అంటే మా చర్చి ఫాదరు, నన్ను ఆగమని, టాంజానియాలో ఒక మిషన్ ఆసుపత్రికి లే మిషనరీలు కావాలట, పోతావా అని అడిగారు. లే మిషనరీ అంటే గురువూ కాదు, సిస్టరమ్మా కాదు. మామూలు మనిషే, దేవుడి పని అనుకుని కొన్నేళ్ళు ఒప్పుకుని పోయేది. పోయేటప్పుడు పీఠం ముందు నిలబెట్టి దండలు వేశారు, అందరూ చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చిన సిస్టరమ్మలకు కాన్వెంటు ఉంటుంది, గురువులకు గుడి పక్కన ఇల్లు ఉంటుంది. తిరిగొచ్చిన మాకు ఏముంటుందో ఆ దండలు వేసినవాళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. మాకు మా సంచీ ఉంటుంది.

నాతోపాటు వచ్చినామెది రాజంపేట దగ్గర పల్లె. నాకంటే చిన్నది, పెళ్ళి చేసుకోలేదు, బడిలో టీచరుగా చేసింది. వాళ్ళకు నిమ్మతోటలు, మామిడి తోటలు ఉన్నాయి. వాళ్ళ తాతల కాలంలో క్రీస్తును నమ్ముకున్నారు. మా తాతలూ ఆ కాలంలోనే నమ్ముకున్నారు. చేతిలో జపమాల ఒకటే అయినా వాళ్ళు ఊళ్ళోనే ఉండిపోయారు, మేము ఊరి బయట పేటలోనే ఉండిపోయాం. మా రెండు చోట్లా గుడిలో కుడిపక్క ఊరివాళ్ళు, ఎడమపక్క పేటవాళ్ళు కూర్చుంటారు. అట్లా కూర్చోమని ఎవరూ చెప్పరు. ఎవరూ తప్పి రెండో పక్క కూర్చోరు కూడా.

అక్కడ మా ఇద్దరికీ రేకుల కప్పు వేసిన రెండు గదుల ఇల్లు ఇచ్చారు. తెల్లవారకముందే లేచి తెలుగులో జపమాల చెప్పుకునేవాళ్ళం. తర్వాత ఆమె బడికి, నేను ఆసుపత్రికి. ఆసుపత్రి అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక వసారా, కొన్ని మంచాలు, తాళం పడని మందుల బీరువా. కొన్ని రోజులు మోటారు సైకిలు వెనక కూర్చుని పల్లెలకు పోయేదాన్ని. చెట్టుకొమ్మకు తూకం కట్టి పిల్లల బరువు చూసేదాన్ని. టీబీ వచ్చినవాళ్ళు మాత్ర మింగేదాకా ఎదురుగా నిలబడి చూసేదాన్ని, లేకపోతే దాచుకుని ఇంట్లో ఇంకొకరికి పెట్టేవాళ్ళు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమల దాకా ఎర్రదుమ్ము. ఆ ఎండ, ఆ కంపచెట్లు, ఆ నెర్రెలు విచ్చిన నేల చూస్తే ఎక్కడికీ పోలేదు, ఆదోని పక్కన దిగానేమో అనిపించేది. వాళ్ళు ఉగాలి అని వండుకునేది మన సంగటే. మొక్కజొన్న పిండితో గట్టిగా కెలుకుతారు, అంతే తేడా. తోటకూర కూడా దొరికేది. మొదటిరోజు తోటకూర చూసి మేమిద్దరం సంతోషంతో ఏడ్చినంత పని చేశాం.

పోయిన కొత్తలో ఇంటిముందు కూర్చుని తినేవాళ్ళం. ఆమె తన కంచం తనకు, నా కంచం నాకు పెట్టేది. మన దగ్గర ఎవరి కంచం వాళ్ళదే కాబట్టి నాకేమీ అనిపించలేదు. కొన్నాళ్ళు చూసి, పక్కింటి అవ్వ ఒకరోజు ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి మా ముందు బైఠాయించింది. ఎందుకొచ్చారో మాకు అర్థం కాలేదు. రాజంపేటామె బడిలో పనిచేసే పంతులు ఒకాయన వచ్చి ఇంగ్లీషులో చెబితే తెలిసింది, పంచాయితీ చేయడానికి వచ్చారట. ఆ పల్లెలో ఒక ఇంట్లో ఉండే ఆడవాళ్ళు ఒకే పళ్ళెంలో తింటారు. వేరువేరుగా తిన్నారంటే జగడం పడినట్టే. అంత దూరం నుంచి కలిసి వచ్చారు, ఇంతలో ఏం గొడవ వచ్చింది, చెప్పండి, తీరుస్తాం అని వాళ్ళ పట్టు. గొడవేమీ లేదని ఎంత చెప్పినా నమ్మలేదు. మేము సిగ్గుపడి దాస్తున్నామని అనుకున్నారు.

చివరికి ఆ అవ్వ తన ఇంటికి పోయి ఒక పెద్ద అల్యూమినియం పళ్ళెం తెచ్చింది. మా రెండు కంచాల్లోని ఉగాలి దాంట్లో బోర్లించి, మమ్మల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టింది. పెద్దదాన్నని మొదట నా చేతులు కడిగించింది. చిన్నది నీళ్ళు పోయాలి. తిన్నాక పళ్ళెం ఎత్తేది కూడా చిన్నదే. అది వాళ్ళ మర్యాద.

రాజంపేటామె చెయ్యి పళ్ళెం దాకా వచ్చి ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం నేను చూశాను. తర్వాత చెయ్యి పెట్టింది, ముద్ద తుంచుకుంది, తిన్నది.

ఆరోజు నుంచి మళ్ళీ రెండు కంచాలు పెట్టుకోలేదు. రోజూ ఆమే నా చేతుల మీద నీళ్ళు పోసేది. రోజూ ఆమే పళ్ళెం ఎత్తి తోమిపెట్టేది. నేను ఎత్తబోతే "నువ్వు కూచోక్కా, ఆ అవ్వ చూసిందంటే మళ్ళా పంచాయితీకొస్తాది" అని నవ్వేది. నాకు మలేరియా వచ్చి లేవలేని రోజుల్లో ఆ పళ్ళెంలోనే జావ చల్లార్చి తాగించింది. నా వాంతి ఎత్తిపోసింది. మా అమ్మ పోయిన తర్వాత నన్ను అట్లా చూసిన మనిషి లేదు. అక్కడివాళ్ళకు మేమిద్దరం ఒకటే, వహిందీ, అంటే ఇండియావాళ్ళు. మాలో ఊరెవరో పేటెవరో వాళ్ళకేం పట్టింది? పట్టనిచోట బతకడం ఎంత హాయిగా ఉంటుందో నాకు ఆ వయసులో తెలిసింది.

తర్వాత వాళ్ళ అమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే ఆమె నాకంటే ముందు ఇండియాకు వచ్చేసింది. పోయేముందు రోజు ఇద్దరం పళ్ళెం ముందు కూర్చుని ఉన్నప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నువ్వొచ్చినాక మా ఇంట్లోనే ఉందువులే. అమ్మా, నువ్వూ, నేనూ. ముందర రూములో పల్లె జనాలకు బీపీ, షుగరూ చూద్దువు. ముసిలోళ్ళమైనాక యాడికి పోతాం మనం? ఒకరికొకరం ఉందాం."

నేను అడగలేదు. ఆమే అంది. ఆ మాట నమ్ముకునే నేను మిగిలిన కాలం అక్కడ ఒంటరిగా వెళ్ళదీశాను. ఆ ముందర రూములో మందుల బల్ల ఏ పక్క వేయాలో కూడా మనసులో అనుకుని పెట్టుకున్నాను.

నేను బయలుదేరేటప్పుడు అవ్వ ఆ పళ్ళెం నాకిచ్చేసింది. ఇద్దరూ దీంట్లోనే తినండి, మళ్ళీ జగడం పడొద్దు అని చెప్పింది.

నందికొట్కూరు వచ్చి అద్దెకు ఒక గది తీసుకున్నాను. మా తమ్ముడి ఇల్లు వాళ్ళకే చాలదు. ఒక చిన్న నర్సింగ్ హోములో పని దొరికింది కానీ, రాత్రి డ్యూటీలకు మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. జ్వరం వస్తే తలుపు తీసేవాళ్ళు లేరు. రాజంపేటామె ఫోన్లో బాగానే మాట్లాడేది. ఎప్పుడు రమ్మంటావమ్మా అంటే మాత్రం "వద్దువుగానిలే అక్కా, ఇల్లు సర్దాల" అనేది. సర్దడం ఎంతకీ కాలేదు. ఇక నేనే ఒకరోజు, వస్తున్నానని చెప్పి, పళ్ళెం పాత చీరలో చుట్టి సంచీలో పెట్టుకుని బస్సెక్కాను. కడపలో మారి రాజంపేట, అక్కడినుంచి ఆటో.

ఇల్లు పెద్దది. గేటు మీద సిలువ, లోపల నున్నటి బండలు పరిచిన వసారా. వాళ్ళ అమ్మ వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది.

"ఎవురు మే నువ్వు?"

"ఆఫ్రికాలో నాకు తోడుండింది ఈ అక్కేమ్మా, చెప్పింటి గదా" అంటూ ఆమె లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది. నా చేతులు పట్టుకుంది. అంత దూరం వచ్చిన అలసటంతా అప్పుడే పోయిందనుకున్నాను.

ముసలామె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "మీ ఊరి గుడిలో యా పక్క కూచుంటారు మే మీరు?"

ఇది కులం అడిగే పద్ధతి. బయటివాళ్ళకు ఇది భక్తి ప్రశ్నలాగా వినిపిస్తుంది.

"ఎడంపక్కమ్మా" అన్నాను. "మాది పేట."

ముసలామె కుర్చీ పక్కనున్న మంచినీళ్ళ చెంబును తన వైపుకు జరుపుకుంది. కూతురు ఆ చెంబు వైపు చూసింది, నా వైపు చూడలేదు.

సంచీలోంచి పళ్ళెం తీసి కూతురి చేతికి ఇచ్చాను. చూడగానే ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, అవి నిజం కన్నీళ్ళే. గుండెకు హత్తుకుంది. అవ్వ ఎట్లుందని అడిగింది. "దీన్ని షోకేసులో పెడతానక్కా. గుడి పిల్లోళ్ళొస్తే చూపిస్తా, ఆడ మనమెట్ల బతికినామో చెప్తా" అంది. చెప్పినట్టే లోపలికి తీసుకుపోయి, మరియమాత బొమ్మకూ ప్లాస్టిక్ పూలకూ మధ్య నిలబెట్టింది. గుమ్మం బయటినుంచి నేను చూశాను. లోపలికి రమ్మని ఆమె అనలేదు.

తర్వాత నన్ను ఇంటి వెనక నిమ్మతోటలోకి తీసుకుపోయింది. బోరు మోటారు పెట్టే గది చూపించింది. ఒక పక్క యూరియా సంచులు, ఒక పక్క పాత పైపులు.

"ఇది శుభ్రం చేయించి సున్నం కొట్టిస్తానక్కా. నీకూ ఫ్రీగా ఉంటాది. నీ పొయ్యి నీది, నీ వంట నీది. ఎవురూ నిన్నేమనరు."

"ముందర రూము అంటివి గదమ్మా?"

"అమ్మ ఉన్నెన్నాళ్ళు కొంచెం..." అని ఆగింది. "పెద్దామె గదా, పాత పద్ధతులు. ఏమనుకోవాకక్కా."

అమ్మ ఉన్నన్నాళ్ళు. ఈ దేశంలో ప్రతి ఇంట్లోనూ ఒక పెద్దామె ఉంటుంది, ఆమె పోయేదాకా ఎవరూ మంచివాళ్ళు కావడానికి వీలుండదు. ఆమె పోయాక ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఇదంతా నా నోటిదాకా వచ్చింది.

మధ్యాహ్నం నాకోసమని నాటుకోడి కూర, రాగిసంగటి చేసింది. వసారాలో ఒక మూల చాప వేసింది. చేతులు కడుక్కోవడానికి గేటు పక్కన కొళాయి చూపించింది. నా ముందు పేపర్ ప్లేటు పెట్టింది, పేపర్ గ్లాసులో నీళ్ళు పెట్టింది. నిలబడి, గరిటె ప్లేటుకు తగలకుండా పైనుంచి కూర వేసింది. నువ్వూ కూర్చో అన్నాను. అమ్మకు మాత్రలు వేయాల, తర్వాత తింటా అంది. పళ్ళెంలో నా ముద్దకు ఆనుకుని తన ముద్ద పెట్టుకున్న మనిషి, ఆ గరిటెను అంత జాగ్రత్తగా పట్టుకోవడం ఎప్పుడు నేర్చుకుంది? నేర్చుకోలేదు, ఆమెకు ఎప్పుడూ వచ్చు. అక్కడ ఆ అవ్వకు భయపడి మానుకుంది, ఇక్కడ ఈ అమ్మకు భయపడి మళ్ళీ పట్టింది. నాకు ఆకలిగా ఉంది. తిన్నాను. కూర బాగుంది, అందుకు ఇంకా కోపం వచ్చింది.

తింటుండగా లోపలినుంచి ముసలామె గొంతు వినిపించింది. నాతో కాదు, కూతురితో. "తిన్నాక ఆ ప్లేటు ఎత్తి దిబ్బలో ఏసి, ఆ తావున నీళ్ళు సల్లి పొమ్మను."

మా పేటవాళ్ళకు ఇది కొత్త మాట కాదు. ఊళ్ళో పెళ్ళికి పిలిస్తే మా నాయన చివరి పంక్తిలో తిని, తన విస్తరి తానే ఎత్తుకుని బయటికి నడిచేవాడు. చిన్నప్పుడు ఆయన వెనకాలే నా విస్తరి నేను మోసుకుంటూ నడిచాను. అందరూ అట్లాగే ఎత్తుకుంటారని అనుకునేదాన్ని.

కూతురు గుమ్మం దగ్గరికి వచ్చింది. వాళ్ళ అమ్మను ఒక మాట అంటుందేమోనని చూశాను. నిజంగా చూశాను, సిగ్గులేకుండా ఆశపడి.

"అక్కా, దిబ్బ ఆ గోడ పక్కనుండాది" అంది మెల్లగా. నీళ్ళ బక్కెట్టు తెచ్చి నాకు కొంచెం దూరంలో పెట్టింది. మాత్రలు వేయడానికి లోపలికి పోయింది.

నేను చెయ్యి కడుక్కున్నాను. ప్లేటు చాప ముందే ఉంది, ఎముకలతో, మెతుకులతో. దాన్ని అక్కడే వదిలేశాను. సంచీ భుజాన వేసుకుని, గేటు తీసుకుని వచ్చేశాను.

కడప బస్సు కదిలిన కాసేపటికి ఫోను మోగింది.

"అక్కా, యాడుండావు?"

"బస్సులో."

దిగు, వెనక్కి రా అంటుందేమోనని ఎదురుచూశాను. అని ఉంటే దిగేదాన్నే.

"అదిగాదక్కా... ప్లేటు ఆడ్నే ఇడ్సిపెట్టి పోతివి. అమ్మ చూసి ఒకటే అరస్తాంది. పనామె రేపు పొద్దున గానీ రాదు. ఇప్పుడెవురు తీయాల దాన్ని?"

"ఆఫ్రికాలో రోజూ ఎవురు తీస్తాంటిరమ్మా?" అన్నాను. "నాకంటే చిన్నదానివి నువ్వే గదా."

ఆమె ఫోను పెట్టేసింది.