వద్దుబుక్క నాది

మా బావ ఏడాదిగా నా ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. అడిగినప్పుడల్లా "చాయ్ తాగినవా, బామ్మర్దీ?" అంటాడు. తాగాను. నేనడిగేది చాయ్ సంగతి కాదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఒక దసరాకు అక్కా బావా ఆలేరు నుంచి రామన్నపేటలోని మా ఇంటికి వచ్చారు. అక్క ఒక ఆట డబ్బా తెచ్చింది. అందులో గళ్ల అట్ట, కాయలు, మాటలు రాసిన బిళ్లలు ఉన్నాయి. రెండు బిళ్లలు కలిపి ఇంతవరకు ఎవరూ అనని మాట చేయాలి, అర్థం చెప్పాలి. నవ్విస్తే కాయ జరుగుతుంది. గెలిచినవారింట్లోనే డబ్బా ఉండాలని అక్క షరతు. ఇంటల్లుడని తీర్పు బావకు అప్పగించాం. తీర్పు చెప్పేవాడు తానూ ఆడాడు. తప్పు అక్కడే జరిగింది.

నా కాయ పండడానికి ఒక్క గడి మిగిలింది. "వద్దు", "బుక్క" బిళ్లలు వచ్చాయి. వద్దుబుక్క అన్నాను. చుట్టాలింట్లో కడుపు నిండిందని విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, వేళ్ల సందులోంచి వేయించుకొని తినే ముద్ద. మా అవ్వ నవ్వి నవ్వి కొంగుతో కండ్లు తుడుచుకుంది. బావ నవ్వలేదు. అప్పుడే బగారన్నం అలాగే తిని వచ్చి కూర్చున్నాడు మరి.

"గిసొంటి మాట ఎవలంటరు?" అన్నాడు.

"కొత్త మాట గద బావా. ముందే అంటే కొత్తదెట్లయితది?"

"గదంత నాకెర్క లేదు. బయట ఎవలన్న అంటె, అప్పుడు నువ్వు గెలిచినట్టు."

తన "గొర్రెగొడుగు"కు తానొక్కడే నవ్వి, తానే గెలిచానని తీర్పిచ్చుకున్నాడు. డబ్బా ఆలేరు పోయింది.

పోయిన ఏడాది షాద్‌నగర్‌లో పెళ్లి. భోజనాల్లో బావ నా ఎదుటి వరుసలో కూర్చున్నాడు. మటన్ వచ్చింది. వద్దన్నాడు, చెయ్యి అడ్డం పెట్టాడు, వేళ్లు విడిపోయాయి.

"ఏంలే, గిదొక్క వద్దుబుక్క," అన్నాడు పక్కాయనతో.

ముక్కూమొహం తెలియని ఆ మనిషి అర్థం కూడా అడగలేదు. "నాగ్గూడ ఓ వద్దుబుక్క వెయ్ తమ్మీ," అన్నాడు.

ఎంగిలి చేత్తోనే లేచాను. "బావా, ఇప్పుడేమన్నవ్?"

"ఏమన్న? ఆట ఎప్పుడో ఒడిసింది."

"యాడ ఒడిసింది?" అంది వెనక వరుసలోంచి అక్క. "బయట ఎవలన్న అంటె అన్నది నువ్వే."

బావ ఎముక పీల్చి నా వైపు చూశాడు. "చాయ్ తాగినవా, బామ్మర్దీ?"

అందుకే ఇప్పుడు అందరూ చదివే చోట అడుగుతున్నాను. బావా, ఆ మాట అన్నావా లేదా? అన్నావు గనుక డబ్బా ఎప్పుడు పంపుతున్నావు? చాయ్ ఊసెత్తకుండా చెప్పు.