చేతిలో నీళ్ళ గ్లాసు

కండక్టరమ్మ అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఆమె రిటైరై ఏళ్ళయినా ఆ పిలుపు మాత్రం రిటైరవలేదు. కిక్కిరిసిన బస్సులో, గుంతల రోడ్డు మీద, రాడ్ పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొట్టిన మనిషి. ఎన్నడూ తూలి ఎరగదు. అలాంటిది, ఎటూ కదలని సొంత వంటింట్లో తడి గచ్చు మీద కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంది.

ఆపరేషన్ అయింది. చెల్లెలు కొన్నాళ్ళుండి, మనవల బడులు తెరవగానే వెళ్ళిపోయింది. వంటామె పొద్దున్నే సుడిగాలిలా వచ్చి వండిపెట్టి పోతుంది. ఇక మిగిలింది వాకరూ, నాలుగు గోడలూ. పలకరించే నోరు లేకపోతే పగలెంత పొడుగో కండక్టరమ్మకి అప్పుడే తెలిసింది.

సాయంత్రాలు వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి ఒక్కతే కాసేపు కూర్చునేది. "కిందికి కాదమ్మమ్మా, ఎదురుగా చూడండి" అంటూ నడిపించేటప్పుడు నడుం వెనక చెయ్యి అడ్డుపెట్టేది. "వాకర్ లేకుండా గుమ్మందాకా నడిచారంటే ఇక నాతో పనుండదు" అని మొదటిరోజే చెప్పింది.

అక్కడే వచ్చింది చిక్కు. వాకర్ వదిలేసి ఇల్లంతా తిరగడం కండక్టరమ్మకి ఎప్పుడో వచ్చేసింది. అయినా ఆ అమ్మాయి చెప్పుల చప్పుడు వినబడగానే మంచమెక్కి మూలుగు అందుకునేది. టికెట్ లేనివాళ్ళ దొంగనిద్రలు ఎన్నో చూసిన మనిషికి నటన ఒకరు నేర్పాలా?

ఒకరోజు ఆ అమ్మాయి ఎండనపడి వచ్చి, ఆయాసపడుతూ కుర్చీలో కూలబడింది. కండక్టరమ్మ "ఉండు తల్లీ" అంటూ లేచి వెళ్ళి, నిండు గ్లాసు తొణక్కుండా తెచ్చి ఇచ్చింది.

అమ్మాయి తాగబోయి ఆగింది. వాకర్ పట్టుకున్నవాళ్ళకి గ్లాసు పట్టుకునే చెయ్యి మిగలదు. చూస్తే, వాకర్ మంచం పక్కనే ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి అమ్మమ్మా?"

"టికెట్ లేకుండా దొరికిపోయానే తల్లీ" అంది కండక్టరమ్మ తల దించుకుని. "నువ్వు రాకపోతే నాతో మాట్లాడేవాళ్ళు లేరు."

అమ్మాయి నీళ్ళు మెల్లగా తాగింది. "ఇంకో తాతగారు నాకోసం ఎదురుచూస్తున్నారమ్మమ్మా. ఆయనింకా మంచం దిగలేదు."

కండక్టరమ్మ వాకర్ ముట్టకుండా, ఎదురుగా చూస్తూ, ఆ అమ్మాయిని గుమ్మందాకా సాగనంపింది. నడుం వెనక అమ్మాయి చెయ్యి గుమ్మం దాకా ఉండి, అక్కడ తప్పుకుంది.

"రైట్, రైట్" అంది కండక్టరమ్మ, బస్సు కదిలించినట్టే. ఆ మాట అన్నాక తను స్టాపులోనే ఉండిపోవడం ఆమెకదే మొదటిసారి.