క్వారీ గుంట అడుగున చిన్నకోటయ్య

పిడుగురాళ్ల చుట్టుపక్కల ఊళ్ళలో బావిలో బిందె పడినా, మోటారు ఫుట్‌వాల్వు ఊడిపోయినా చిన్నకోటయ్యకే కబురు వెళ్ళేది. కొక్కేల గుత్తికి అందనిది అతని చేతికి అందేది. ఊపిరి బిగబట్టి దిగాడంటే, గట్టు మీద వాళ్ళు భయపడి కేకలు పెట్టేదాకా పైకొచ్చేవాడు కాదు. నలభై దాటినా ఆ ఊపిరి తరగలేదని లోలోపల గర్వం.

ఒక ఆదివారం పొద్దున బజారులో హనుమయ్య కరెంటు సామాన్ల షాపు ముందు జనం మూగి ఉంటే తనూ నిలబడ్డాడు. టీవీలో ఏదో పాత ఇంగ్లీషు సీరియల్ వస్తోంది. గాలి వీచినప్పుడల్లా బొమ్మ మీద చుక్కలు కమ్ముకుంటున్నాయి. ఒక మనిషి వీపుకి సిలిండర్లు కట్టుకుని, మొహానికి అద్దం పెట్టుకుని సముద్రంలోకి దిగాడు. మునిగిపోయిన ఓడలో దేనికోసమో వెతుకుతుంటే వెనక నించి ఇంకొకడు కత్తి పట్టుకుని వస్తున్నాడు. జనమంతా ఆ కత్తినే చూస్తున్నారు. చిన్నకోటయ్య మాత్రం ఆ మొదటి మనిషి తీరు చూశాడు. వాడికి తొందర లేదు. రాళ్ళ దగ్గర ఆగుతున్నాడు. పక్క నించి చేప పోతే తల తిప్పి దాన్ని చూస్తున్నాడు.

తను ఏనాడన్నా చూశాడా? దిగడం, బురదలో తడమడం, దొరికింది పట్టుకుని పైకి తన్నుకు రావడం. అంతే.

ఆనాటి నించి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. అన్నం ముందు కూర్చుని సగంలో లేచేవాడు. పని చెప్పడానికి వచ్చినవాళ్ళకి వస్తానని చెప్పి మరిచిపోయేవాడు. ఆదివారం కాకపోయినా షాపు ముందుకెళ్ళి, ఆపేసి ఉన్న టీవీ వంక చూసి వచ్చేవాడు. భార్య రాములమ్మ సున్నపు బట్టీలో కూలిపని చేసేది. నాలుగు వారాలు ఓపిక పట్టి, ఒకరోజు అడిగేసింది.

"ఏందయ్యా, నేల మీద నీకేం కరువైంది?"

అతను లేచి బయటికి నడిచాడు. హైవే పక్కన పంక్చరు షాపు పెట్టుకున్న షబ్బీర్ దగ్గరికి వెళ్ళాడు. షాపు వెనకే ఎప్పుడో వదిలేసిన సున్నపురాయి క్వారీ ఉంది. వానలకి నిండి, ఎండలో పచ్చగా మెరుస్తుంటుంది. టైర్లకి గాలి పట్టే కంప్రెసర్ పైపు లోపలికి వదిలితే, దాంతో ఊపిరి పీలుస్తూ అడుగున కాసేపు ఉంటానన్నాడు. షబ్బీర్ ససేమిరా అన్నాడు. టైరుకి పట్టే గాలి మనిషికి పడదనీ, నూనె వాసన కొడుతుందనీ నచ్చజెప్పాడు.

"ఇరవై ఏళ్ళనించి నీళ్ళల్లో దిగుతున్నాన్రా. ఒక్కసారన్నా నిదానంగా చూసింది లేదు," అన్నాడు చిన్నకోటయ్య.

ఆ మాటకి షబ్బీర్ మెత్తబడ్డాడు. లారీ ట్యూబు కోసి, కిటికీ అద్దం ముక్క అతికించి మొహానికి తొడుగు తయారుచేశాడు. రెండు పైపులు కలిపి పొడుగు చేశాడు. ఒక మధ్యాహ్నం చిన్నకోటయ్య నడుముకి తాడు కట్టుకుని, రాయి పట్టుకుని దిగాడు.

గాలి నోటికి దబదబా కొట్టింది. నోరంతా కిరసనాయిలు తాగినట్టయింది. అయినా అడుగున కాళ్ళు ఆనాక కదలకుండా నిలబడ్డాడు. రాతిగోడకి ఉలి గాట్లు వరసగా కనిపించాయి. కూలీలు ఎక్కి దిగిన మెట్లున్నాయి. ఒక మూల సర్కారు తుమ్మ నీళ్ళలోనే ఎండి నిలబడి ఉంది. దాని కొమ్మల మధ్య అగ్గిపుల్లంత చేపలు కదలకుండా ఉన్నాయి. ఎండ పై నించి వంగి ఆ కొమ్మల దాకా వచ్చింది. చిన్నకోటయ్య ఒక మెట్టు మీద కూర్చున్నాడు. నెలరోజుల తర్వాత మనసు కుదుటపడింది ఆ కాసేపే.

అంతలో పైపు అతుకు ఊడింది. నోట్లోకి నీళ్ళు కొట్టాయి. అద్దం జారిపోయింది. చెవిలో ఏదో ఠప్పుమంది, గుంటంతా గిర్రున తిరిగింది. పైనేదో కిందేదో తెలియక తాడు పట్టుకుని గుంజాడు. షబ్బీర్ లాగి గట్టున పడేసేసరికి ఎడమ చెవి నించి నెత్తురు కారుతోంది.

నరసరావుపేట డాక్టరు చెవి చూసి, ఇక నీళ్ళలో మునగొద్దని గట్టిగా చెప్పాడు. ఆ చెవి వినికిడి తిరిగి రాలేదు. రాములమ్మ తిట్టలేదు, ఏడవలేదు. వారం పోయాక బట్టీలో తనతోపాటు పనికి పెట్టించింది. బొగ్గు మోస్తూ కూడా అతను నిలకడగా ఉండేవాడు కాదు. బావిలో బిందె పడిందని ఎవరన్నా అంటే తట్ట దించేసేవాడు.

మరుసటి వేసవిలో క్వారీని ఎవరో కొత్తగా పాటకి తీసుకున్నారు. పది రోజులు మోటార్లు పెట్టి నీళ్ళు తోడించారు. రాములమ్మకి అక్కడే రాళ్ళు మోసే పని దొరికింది. మొదటిరోజు సాయంత్రం కాళ్ళకి బురదతో ఇంటికొచ్చి, మంచం మీద పడుకున్న మొగుడి కుడివైపుకి వచ్చి కూర్చుంది.

"నువ్వు చెప్పిన మెట్లు చూశానయ్యా. ఆ మూల చెట్టు..."

"నీళ్ళు లేని గుంట సంగతి నాకు చెప్పమాకే," అన్నాడు చిన్నకోటయ్య.

అతను లేచి చొక్కా తగిలించుకుని, క్వారీ దారి కాకుండా బస్టాండు వైపు నడిచాడు.