తిందాం రండి అన్న నోరు

బొహోల్ దీవి మొత్తం మీద డెన్సింగ్ నాయనమ్మలా అన్నానికి పిలిచేవాళ్ళు పుట్టలేదు, ఇక పుట్టబోరు. ఆమె కిటికీలోంచి "తిందాం రండి" అని కేక వేస్తే, సముద్రం అవతల సెబు దీవిలో కోళ్ళు గింజలు వదిలేసి తలెత్తి చూసేవి. ఒకసారి తుపాను కూడా గుమ్మం దాకా వచ్చి, "కడుపు నిండుగా ఉందమ్మా" అని చెప్పి వెనక్కి తిరిగిపోయింది. నమ్మనివాళ్ళు తుపానునే అడిగి చూసుకోవచ్చు.

ఆ తర్వాత వచ్చిన తుపానుకు అంత మర్యాద తెలియదు. అది నాయనమ్మ భర్త తీబో తాత పడవను ఎత్తుకుపోయింది. తాత పరాయి పడవల మీద కూలికి పోయి, తడిసి, దగ్గి దగ్గి, మరుసటి వానాకాలంలో పోయాడు. వాళ్ళ కొడుకుది సెబులో తాపీ పని. డబ్బు ఉన్న నెల పంపేవాడు, లేని నెల ఫోను ఎత్తేవాడు కాదు. నాయనమ్మ బియ్యప్పిండితో ఆవిరి రొట్టెలు చేసి అమ్మేది. బియ్యం కొనలేక అదీ ఆగిపోయింది. ఇక పొద్దునా సాయంత్రమూ ఉడకబెట్టిన కర్రపెండలం, నంజుకోవడానికి ఉప్పు.

ఆకలి ఆమెకు కొత్త కాదు. కష్టమంతా పిలుపుతోనే వచ్చింది. తినేటప్పుడు దారిన పోయేవాళ్ళు కనబడితే పిలవాలి. వాళ్ళు కడుపు నిండుగా ఉందని చెప్పి నడిచిపోవాలి. నిజంగా వచ్చి కూర్చునేవాళ్ళు ఎవరూ ఉండరు. అయినా పిలుపు విన్న మనిషి చూపు ఒక్క క్షణం పళ్ళెం మీదికి పోతుంది. ఆ ఒక్క క్షణమే నాయనమ్మకు భరించరానిదైంది. అందుకని భోజనం వేళకు తడిక కిటికీని ఎత్తి నిలిపే కర్ర తీసేసి, దాన్ని మూసేసేది. చీకట్లో కూర్చుని, దారిలో అడుగుల చప్పుడైతే నమలడం ఆపేసేది.

కొన్నాళ్ళకు మిగతా వేళల్లోనూ ఆ కర్ర పెట్టడం మానేసింది. ఎవరింట్లోనైనా తింటే మళ్ళీ వాళ్ళను పిలవాలి కదా అని పెళ్ళిళ్ళకు పోలేదు. చర్చి శుభ్రం చేసే ఆడవాళ్ళలో చేరడం మానేసింది. తల దువ్వుకోవడం మానేసింది. పొద్దున్నే మెలకువ వచ్చేది గానీ, ఎందుకు లేవాలో గుర్తొచ్చేది కాదు. చాప మీద గోడకేసి తిరిగి, పక్కింటి వాళ్ళ గిన్నెల చప్పుడు వింటూ, ఈ ఊళ్ళో నేను లేకపోయినా ఎవరి గిన్నె ఆగుతుంది అనుకునేది. ఆ ఆలోచన ఆమెను భయపెట్టకపోగా విశ్రాంతిగా అనిపించేది.

ఊరు మాత్రం వేరేలా అర్థం చేసుకుంది. కిటికీ మూసుకుని తినేవాళ్ళు ఏం తింటారు? పంది మాంసమే తింటారు. కొడుకు డబ్బు మూటలు పంపుతున్నాడు, డెన్సింగ్ ఎవరికైనా పెట్టాల్సి వస్తుందని దాచుకు తింటోంది అన్నారు. ఆ మాట తడికలోంచి నాయనమ్మ చెవిన పడింది. ఇక్కడ ఇది రాస్తున్న మనవరాలికి కూడా కలం ఆగుతోంది గానీ, రాయక తప్పదు. ఆ మాట విని నాయనమ్మకు సంతోషం కలిగింది. దరిద్రురాలు అనిపించుకోవడం కంటే పిసినారి అనిపించుకోవడం నయమనిపించింది. సీసా అడుగున మిగిలిన పాత పంది కొవ్వు ఒక చుక్క వేడి పెనం మీద వేసి, ఆ వాసన బయటికి పోయేలా విసనకర్రతో విసిరింది కూడా. ఆ తర్వాత పెనం ముందు కూర్చుని, తన చేతిని తానే చూసుకోలేకపోయింది.

వాసన సరిగ్గా పక్కింటి కార్యాంగ్ ముక్కుకు తగిలింది. కార్యాంగ్ మనవడి బాప్టిజానికి నాయనమ్మ పోలేదు. ఆ కోపం అప్పటికే ఉడుకుతోంది. ఆమె విసవిసా వచ్చి బయటినుంచి తడిక పైకెత్తింది.

"ఏం అక్కా, ఒక్కదానివే తింటే మాంసం అరుగుతోందా?"

వెలుగు పళ్ళెం మీద పడింది. పెండలం ముక్కలు, కాగితంలో ఉప్పు. నాయనమ్మ నోట్లో ముద్ద ఉంది. ఆ ముద్దతోనే, ఇన్నేళ్ళ అలవాటు చొప్పున, ఆమె నోరు తనంతట తానే అంది.

"తిందాం రా."

కడుపు నిండుగా ఉందని కార్యాంగ్ వెళ్ళిపోయి ఉంటే ఇద్దరూ ఏమీ చూడనట్టు బతికేవాళ్ళు. కానీ ఆమె ఆ మాట అనలేదు. చుట్టూ తిరిగి తలుపు తోసుకుని వచ్చి, నేల మీద కూర్చుని, ఒక ముక్క ఉప్పులో అద్దుకుని నోట్లో వేసుకుంది. తల ఎత్తకుండా, "మాంసం మాట మొదట అన్నది నేనేలే," అంది.

నాయనమ్మ ఆమెను బయటికి పొమ్మంది. జీవితంలో మొదటిసారి పిలిచిన మనిషిని వెళ్ళగొట్టింది. ఆ రోజంతా ముఖం చాపలో దాచుకుని పడుకుంది.

మర్నాడు కార్యాంగ్ తన అన్నం, కాల్చిన ఎండుచేప తెచ్చుకుని నాయనమ్మ మెట్ల మీదే కూర్చుని తినసాగింది. తింటూ, "తిందాం రా అక్కా," అని పిలిచింది. పిలుపుకు బదులు చెప్పకపోవడం అంటే మనిషిని చచ్చినవాళ్ళలో లెక్కెయ్యడమే. లోపలినుంచి నాయనమ్మ విసుగ్గా, "కడుపు నిండుగా ఉంది," అంది. ఎవరితోనైనా మాట్లాడి ఎన్నాళ్ళైందో, గొంతు బొంగురుపోయింది. ఆ తర్వాత రోజూ అదే పిలుపు, అదే అబద్ధం. మధ్యలో కార్యాంగ్ చేపల ధర మీద, కోడలి వంట మీద సణిగేది. నాయనమ్మ లోపల పడుకునే కోడలి పక్షం మాట్లాడేది.

ఒకరోజు పిలుపుకు బదులు రాలేదు. కార్యాంగ్ అన్నం పక్కన పెట్టి లేచి నిలబడింది. తలుపు తెరుచుకుంది. చిక్కుపడ్డ జుట్టుతో నాయనమ్మ తన పెండలం పళ్ళెం పట్టుకుని వచ్చి పై మెట్టు మీద కూర్చుంది. చేప సగం అడిగింది. ఇవ్వలేదని తిట్టింది.

అంతటితో అన్నీ తీరిపోయాయని కాదు. ఇప్పుడు కార్యాంగ్ బియ్యం తెస్తే ఇద్దరూ కలిసి ఆవిరి రొట్టెలు చేసి అమ్ముతున్నారు. ముసురు పట్టిన రోజుల్లో నాయనమ్మ ఇంకా గోడకేసి తిరిగి పడుకుంటుంది. అలాంటప్పుడు కార్యాంగ్ వచ్చి కాలు పట్టి లాగుతుంది. ఆరోగ్య కేంద్రం అమ్మాయి దీన్ని దిగులు జబ్బు అంది. ఏదో మాత్ర ఇచ్చింది. నాయనమ్మ అది మింగి, ఒట్టి ఉప్పుకంటే అధ్వాన్నంగా ఉందంది.

మనవరాలు ఇదంతా చదివి వినిపించి, ఊరి పండగలో పదిమంది ముందు చదవనా అని అడిగింది. నాయనమ్మ చేప పొలుసు గీకడం ఆపకుండానే జవాబు చెప్పింది.

"చదివావంటే కాళ్ళు విరగ్గొడతా. నాకు సిగ్గు పోయిందని నీకెవరు చెప్పారే?"