బావగారు ఎంచుకున్న భాష

మా అక్క భర్త, నేను బావగారూ అని పిలిచే మనిషి, పోయిన నెల విజయవాడ ఆసుపత్రిలో కన్నుమూశారు. నేను పనిచేసే కొట్టుకు ఫోన్ వచ్చింది. ఎత్తింది నేనే. అక్క నా పేరు పిలిచిన తీరులోనే తెలిసిపోయింది. ఇక అడగాల్సిందేమీ లేకపోయింది.

మీలో చాలామందికి ఆయన తెలియరు. నూజివీడులో రెండు కంప్యూటర్లు పెట్టుకుని పాఠాలు చెప్పేవారు. నేను మామిడికాయల కమిషన్ కొట్టులో బయటి ఊళ్ల వ్యాపారులకు ఇంగ్లీషు ఉత్తరాలు టైపు చేసేదాన్ని. ఒక వేసవిలో జ్వరం వచ్చి చూపు పోయింది. జ్వరం తగ్గింది గానీ చూపు తిరిగి రాలేదు. షావుకారు మంచివాడే, ఆ సీజన్ అయ్యేదాకా చూద్దామన్నాడు. ఆ తరవాత సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

ఆ రోజుల్లో బావగారు వస్తే, వచ్చింది తనేనని నాకు తెలిసేలా గుమ్మంలో చెప్పులు గట్టిగా దులిపేవారు. ఎలా ఉన్నావని అడిగేవారు కాదు. "ఇవాళ ఏం టైపు చేద్దాం?" అనేవారు.

మద్రాసు నుంచి మాట్లాడే పెట్టె ఒకటి తెప్పించారు. కంప్యూటర్‌కు తగిలిస్తే ఇంగ్లీషు మాటలు పలుకుతుంది. కానీ తెర మీద ఉన్నదాంట్లో ఏది ఎప్పుడు చదవాలో దానికి చెప్పే ప్రోగ్రామ్ రాయాలి. అది ఏ కంప్యూటర్ భాషలో రాయాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

"అసెంబ్లీలో రాద్దాం సార్," అన్నాడు ఆయన దగ్గర చదివిన ఇంజనీరు. "మీట నొక్కగానే పలుకుతుంది. బేసిక్‌లో అయితే నత్తనడకండీ."

"నడవనీ. బేసిక్‌లో ప్రతి వరసకీ ఓ నంబరుంటుంది. ఆ నంబరు కొట్టి కొత్త వరస రాస్తే పాతది పోతుంది. తెర చూడక్కర్లేదు. మా మరదలు తనే దిద్దుకోగలదు."

"దిద్దడానికి మీరున్నారు కదండీ."

బావగారు కీబోర్డు నా చేతి కిందికి జరిపారు. నాకు మాత్రం కోపం వచ్చింది.

"చూపు పోయినదాన్ని, ఇప్పుడు ప్రోగ్రాములు నేర్చుకోమంటారేంటండీ?"

"నేర్చుకోవాలమ్మాయ్," అన్నారు, అంతే.

అప్పటికే ఆయన కిడ్నీలు రెండూ పాడయ్యాయి. డాక్టరు ఆశ పెట్టుకోవద్దన్నాడట. ఆ సంగతి ఆయనకూ అక్కకూ తప్ప ఎవరికీ తెలియదు.

బేసిక్‌లోనే ప్రోగ్రామ్ రాసి, ఒక కంప్యూటర్‌ను కొట్టుకు చేర్చి, రోజూ వచ్చి నేర్పారు. నేను తప్పు చేస్తే కీబోర్డు లాక్కునేవారు కాదు. "పెట్టె ఏమంది? మళ్లీ విను," అనేవారు. రానురాను కూర్చోలేకపోయారు. గోనెపట్టా మీద పడుకుని చెప్పేవారు. ఆయాసంతో మాట మధ్యలో ఆగేది. ఆయన మాట ఆగిన చోటే నేను కాచుకుని ఉండేదాన్ని.

ఆయన పోయాక, ఈ సీజన్లో ఉత్తరాల వరసల పొడవు పెంచాం. దాంతో పెట్టె ప్రతి వరసలోనూ చివరి మాట మింగేయసాగింది. ప్రోగ్రామంతా చదివించుకుని విన్నాను. తప్పు దొరికింది, ప్రోగ్రామ్‌లో ఒక వరసలో పాత పొడవే ఉండిపోయింది. ఆ వరస మళ్లీ రాశాను. పెట్టె ఉత్తరాన్ని పూర్తిగా చదివింది.

అక్క నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చి వెనకే నిలబడి ఉంది.

"మీ బావగారు రాసిందేనా ఇది?"

"ఆయన రాసిందే అక్కా. ఒక్క వరస ఇప్పుడు నేను రాశాను."

అక్క స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. "ఇంకోసారి చదివించవే," అంది.

బయట లారీకి కాయలెత్తుతున్నారు. అక్కకు ఇంగ్లీషు రాదు. అయినా చివరి మాట దాకా నా చెయ్యి పట్టుకుని విన్నది.