మునిరత్నప్ప పవర్‌హౌసు

మొన్న పుంగనూరు బస్టాండులో సదుం బస్సు కోసం నిలబడి ఉండగా కరెంటు పోయింది. ఎదురుగా ఉన్న బట్టల దుకాణం వాళ్లు మెట్ల పక్కనున్న జనరేటరు తాడు లాగారు. అది రెండుసార్లు దగ్గి అందుకుంది. నల్లటి పొగ సూటిగా నా ముఖం మీదికే వచ్చింది. పక్కనున్న ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా జరిగింది. నేను మాత్రం ఆ డీజిలు వాసనను కావాలనే ఇంకాస్త పీల్చాను. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది కూడా. నేను అక్కడే నిలబడి మునిరత్నప్ప గారిని తలచుకుంటూ ఉండిపోయాను.

మాది కుప్పం. మా నాన్న రైలు పట్టాల మీద కూలీ. మిషన్ బడిలో చదువుకుని, మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. ఊరికి కరెంటు ఇచ్చేది పుంగనూరు దారిలో ఉన్న చిన్న పవర్‌హౌసు. దానిలో ఒక పెద్ద ఆయిలింజను, మనిషికంటే ఎత్తైన దాని చక్రం, ఆ రెండింటినీ ఇరవై ఏళ్లుగా కనిపెట్టుకుని ఉన్న మునిరత్నప్ప. పొద్దు గూకే వేళకు ఆయన ఇంజను నడిపేవారు, ఊళ్లో దీపాలు వెలిగేవి. పగలు కరెంటు అనే మాటే ఉండేది కాదు.

ఆసుపత్రికి ఎక్స్‌రే మిషను రావడంతో ఆ పద్ధతి మారవలసి వచ్చింది. వారానికి రెండు పూటలైనా పగలు ఇంజను నడపమని పెద్ద డాక్టరమ్మ తెలుగులో ఉత్తరం రాయించి, నా చేతికిచ్చి పంపారు. ఆ మిషను పని నేర్చుకోవలసింది నేనే. నాకేమో కరెంటంటే చచ్చేంత భయం. స్విచ్చి వేయవలసి వస్తే పక్క నర్సును బతిమాలుకునేదాన్ని. అందుకని దారి పొడుగునా ఆలోచించి, ఉత్తరం ఇస్తూనే మునిరత్నప్ప గారికి నా మనవి కూడా చెప్పుకున్నాను. పగలు కరెంటు ఇవ్వడం కుదరదని ఒక్క ముక్క రాసిస్తే చాలన్నాను.

ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. కోప్పడలేదు, నవ్వనూ లేదు.

“భయమా సలోమమ్మా?” అన్నారు. తలూపాను.

“నాకూ భయమే. ఇన్నేండ్లుగా ఈడ్నే ఉండాను, ఇంగా పోలేదు. పోకూడదు గూడా. భయముండేవాడు సూసి ముట్టుకుంటాడు. యాల పోగొట్టుకోవాల దాన్ని?”

భయం పోతేగాని పని రాదని అంతవరకూ అందరూ నాకు చెప్పిన మాట. ఉంచుకోమని చెప్పిన మనిషి ఆయనొక్కరే. ఆ రోజే నన్ను స్విచ్చిబోర్డు దగ్గరికి తీసుకెళ్లారు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందని, ఒక చేయి వీపు వెనక పెట్టుకుని రెండో చేత్తోనే పని చేయాలని చూపించారు. ఇంజను అందుకున్నాక ఆసుపత్రి లైను మీట నా చేతనే వేయించారు. మా వరండాలో పట్టపగలు దీపం వెలిగిందట. అందరూ ఆశ్చర్యపోయి చూశారని వెనక్కి వచ్చాక తెలిసింది. దాన్ని వెలిగించింది నేనేనని చెబితే మొదట ఎవరూ నమ్మలేదు. నెల తిరగకుండా ఎక్స్‌రే గది తాళంచెవి నా నడుముకు చేరింది. నేను అడిగిన అబద్ధపు ముక్క గురించి ఆయన డాక్టరమ్మకు ఎన్నడూ చెప్పలేదు.

తరువాతి ఏడాది డీజిలుకు కరువొచ్చింది. ఉన్నదంతా యుద్ధానికే పోతోందని, ఇక ఊరి దీపాలు ఆపవలసిందేనని పవర్‌హౌసు పెద్దలు అనుకుంటున్నారు. మునిరత్నప్ప తంబళ్లపల్లె వైపు గానుగలు తిరిగి, వడకట్టిన వేరుశెనగ నూనె పీపాలతో వచ్చారు. ఇంజను చెడితే ఉద్యోగం పోతుందని పెద్దలు ముందే చెప్పారట. డీజిలుతో మొదలుపెట్టి, ఇంజను బాగా వేడెక్కాక నూనెకు మార్చాలని, ఆపే ముందు మళ్లీ కాస్త డీజిలు తాగించాలని ఆయన ఆలోచన. ఒక మధ్యాహ్నం అందరి ఎదుటా నూనె గొట్టం తిప్పారు. ఇంజను తడబడింది. చక్రం కొంచెం మందగించింది. నేను లోలోపల ప్రార్థన చేసుకుంటున్నాను. ధక్ ధక్‌మని మూడు నాలుగు దెబ్బలు కొట్టిన తరువాత అది సర్దుకుని, ఏమీ జరగనట్టు తన మానాన తను నడిచింది.

ఆ సాయంత్రం నుంచి ఆ వీధంతా వడలు వేయిస్తున్న వాసన. దారిన పోయేవాళ్లు ఆగి, హోటలు ఎప్పుడు పెట్టారని ఆయన్ను అడిగేవారు. ఊరికంతా వడ్డిస్తున్నానని ఆయన జవాబు. ఆ నూనెకు ఇంజను లోపల మసి పట్టేది. రెండు రోజులకోసారి విప్పి తుడవాలి. దానికి అజీర్తి చేసిందని చెబుతూ చేతులు మోచేతుల దాకా నల్లగా చేసుకుని కూర్చునేవారు. ఆ వారమే ఎద్దుల బండి మీదినుంచి పడిన ఒక రైతును వెంకటగిరికోట నుంచి తెచ్చారు. అతని తొడ ఎముక ఎక్కడ విరిగిందో ఫిల్ము మీద తెల్లగా కనిపించింది. ఆ రైతు తన చేలో పండిన వేరుశెనగ కాయల నూనెతోనే ఈ బొమ్మ పడిందేమోనని అడిగితే, అయి ఉండవచ్చన్నాను. అంత నొప్పిలోనూ అతను నవ్వాడు.

యుద్ధం ముగిసిన రెండు మూడేళ్లకు ఊరికి పెద్ద లైను వచ్చింది. ఎక్కడో దూరాన పుట్టిన కరెంటు స్తంభాల మీదుగా ఇరవై నాలుగు గంటలూ వస్తుందన్నారు. ప్రారంభం రోజున ఇంజనును ఆపే పని మునిరత్నప్పదే. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటారని నేను రుమాలు సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన చూపు ఇంజను మీద లేదు, పైన బల్బు మీద ఉంది. ఇంజను కరెంటుకు బల్బు ప్రతి దెబ్బకూ కొంచెం అదిరేది. కొత్త లైను కరెంటుకు అదురు లేకుండా నిలకడగా వెలుగుతోంది.

“సూడమ్మా, కన్ను గూడా ఆర్పలేదు,” అన్నారు. మరొకరి బిడ్డ బాగా పాడితే మెచ్చుకున్నట్టుంది ఆ గొంతు.

పెద్ద లైను కోసం కట్టిన కొత్త సబ్‌స్టేషనులో పని చేయాలంటే పరీక్ష రాయాలి. పుస్తకమేమో ఇంగ్లీషులో ఉంది. పాఠం చెప్పేందుకు వేలూరు వైపు నుంచి ఆరుముగం అనే ఇరవై మూడేళ్ల ఆపరేటరు వచ్చాడు. యాభై దాటిన మునిరత్నప్ప అతన్ని సార్ అని పిలిచి, అతని ముందు నేల మీద కూర్చుని నోట్సు రాసుకునేవారు. మధ్యాహ్నం ఆసుపత్రి వరండాకు వస్తే నేను పుస్తకం చదివి తెలుగులో చెప్పేదాన్ని. పవర్‌హౌసు కూలీలు వెనక నవ్వుకుంటున్నారని, ఆ సార్ అనడం మానితే బాగుంటుందని ఒకరోజు చెప్పాను.

“నేర్పేవాడు సారే గదమ్మా. వయసడిగి నేర్సుకుంటామా?” అన్నారు.

మొదటిసారి పరీక్ష తప్పారు. ఆ కబురు చెప్పడానికి ఆసుపత్రికి వచ్చింది కూడా ఆయనే. నాకు ఏడుపొచ్చింది. నేను సరిగా చెప్పలేదని నా మీద నాకే కోపం. ఆయన జేబులోంచి ఒక కాగితం తీశారు. “తప్పినాను గానీ, అర్థం గాని ప్రశ్నలు రాసుకోనొచ్చినాను. మూడే ఉండాయి,” అన్నారు. రెండో విడతలో ఆ మూడింటిలో రెండు మళ్లీ వచ్చాయి. నెగ్గారు. టీ కొట్టులో అందరికీ తనే టీ పోయించి, మొదటి గ్లాసు ఆరుముగానికి ఇచ్చారు.

ఇంజనును మాత్రం అమ్మేయనివ్వలేదు. పెద్ద లైను ఎప్పుడైనా ఆగితే ఆసుపత్రికి ఇదే దిక్కని పెద్దలను ఒప్పించారు. దానికి పెన్షను ఇచ్చామని, అయినా ప్రతి సోమవారం హాజరు వేయించుకోవాలని చెప్పి పావుగంట నడిపేవారు. ఒకనాటి మధ్యాహ్నం గాలివానకు పెద్ద లైను స్తంభాలు పడిపోయాయి. మా ఆపరేషన్ థియేటరులో బల్ల మీద నెలలు నిండిన గర్భిణి ఒకామె ఉంది. డాక్టరమ్మ చేతులు ఆగాయి. టార్చిలైటు పట్టుకుని నేను నిమిషాలు లెక్కపెడుతున్నాను. కాసేపటికి దీపం వెలిగింది. అదురుతూ వెలిగింది. ఆ అదురు చూడగానే అది మునిరత్నప్ప గారి ఇంజనేనని తెలిసిపోయింది. తల్లీ బతికింది, బిడ్డా బతికింది. మరునాడు కృతజ్ఞతలు చెప్పడానికి వెళితే మునిరత్నప్ప ఆరుముగాన్ని ముందుకు తోశారు. సోమవారాలన్నీ అతన్ని పక్కన నిలబెట్టి నేర్పారట. ఆ రోజు మీట ముట్టుకోకుండా చేతులు కట్టుకుని నిలబడి, పని మొత్తం అతని చేతనే చేయించారట.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను నర్సులకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. చివరి ఏడాదిలో ఆసుపత్రికి గుండె కొట్టుకోవడాన్ని గీతలుగా గీసే మిషను వచ్చింది. ఆ పని తెలిసింది అప్పుడే చేరిన ఒక చిన్నవయసు నర్సుకు మాత్రమే. నా తరగతి అంతా చుట్టూ చేరి నేనేం చేస్తానా అని చూస్తోంది. నేను స్టూలు లాక్కుని ఆ పిల్ల పక్కన కూర్చుని, నాకిది తెలియదు, నేర్పమని అడిగాను. ఆ అమ్మాయి సిగ్గుతో తల వంచుకుంది. నాకు మాత్రం ఏ సిగ్గూ కలగలేదు. నోటుపుస్తకం తెరిచి, పైన తారీఖు వేసి, ఆమె చెప్పిన మొదటి మాట నుంచీ రాసుకున్నాను.